కిటికీకి రెక్కల షట్టరా, బ్లైండా? ఇబ్బందిని బట్టి పరిష్కారం

షట్టర్ అనగానే మన ఊళ్ళలో ముందు గుర్తొచ్చేది కొట్టు ముందు గడగడమంటూ దిగే ఇనప రేకు. ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు. చట్రంలో వరసగా అడ్డరెక్కలు అమర్చి, మడతబందుల మీద తెరిచి మూసే కిటికీ తలుపు గురించి. పాత బంగళాల్లో చూసే ఉంటారు. బ్లైండ్ అంటే పైన గొట్టానికి చుట్టుకునే రోలర్, అడ్డపట్టీల వెనీషియన్, నిలువుపట్టీల వర్టికల్, చారల జీబ్రా. ఈ రెండింటిలో ఏది మేలని అడిగితే జవాబు ఉండదు. కిటికీతో మీకు ఏం బాధ అని అడిగితే ఉంటుంది.

పడమటి గది: బ్లైండ్ వేసినా సాయంత్రం ఉడికిపోతోంది

బ్లైండ్ ఎండను ఆపుతున్న మాట నిజమే, కానీ అది అద్దం దాటి లోపలికి వచ్చాక ఆపుతోంది. ముదురు రంగు బట్టయితే ఆ వేడినంతా పీల్చుకుని, తానే ఒక పెనంలా గదిలోకి వదులుతుంది. సన్‌షేడ్ ఉందిగా అనుకుంటారు. మే రెండో వారానికి హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, అప్పుడు సన్‌షేడ్ పనిచేస్తుంది. నాలుగు దాటాక ఎండ ఏటవాలుగా, కాస్త వాయవ్యం వైపు నుంచి నేరుగా అద్దం మీద పడుతుంది. అడుగున్నర, రెండడుగుల సన్‌షేడ్ దాన్ని ఆపలేదు.

అందుకే వేడికి మందు అద్దానికి బయట వేయాలి. రెక్కల షట్టర్ బయట ఉంటే ఎండ అద్దాన్నే తాకదు, రెక్కల సందుల్లోంచి గాలి మాత్రం ఆడుతుంది. అపార్ట్‌మెంట్‌లో బయటి రూపం మార్చడానికి సంఘం ఒప్పుకోకపోతే బాల్కనీ అంచున వెదురు తడిక వేలాడదీయండి. వేసవిలో వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చిలకరించిన పెద్దలు తడికను బయటే ఎందుకు కట్టారో ఇప్పుడు అర్థమవుతుంది. ఇదేదీ కుదరకపోతే, అద్దం వైపు తెల్లటి పూత ఉన్న బ్లాకౌట్ (వెలుతురు చొరని బట్ట) రోలర్ తీసుకోండి. ఎండ గదిలోకి వచ్చే ముందే, మూడు గంటలకల్లా దించేయాలి. గది వేడెక్కాక దించితే లాభం తక్కువ.

బ్లైండ్ బిగించాక దోమల మెష్ తెరుచుకోవట్లేదు

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. మన కిటికీల్లో సాధారణంగా అద్దం తలుపులు బయటికి, మెష్ తలుపులు లోపలికి తెరుచుకుంటాయి, మధ్యలో ఊచలు. మెష్ తిరిగే దారిలో బ్లైండ్ గొట్టమో షట్టర్ చట్రమో వస్తే రెండిట్లో ఒకటి పనిచేయదు.

ఆర్డర్ ఇచ్చే ముందు మెష్‌ను పూర్తిగా తెరిచి, దాని పై అంచు ఎంత ఎత్తుకు వస్తుందో గోడ మీద పెన్సిల్‌తో గీయండి. బ్లైండ్ గొట్టం ఆ గీతకు పైన, గోడ మీదే రావాలి. రెండు పక్కలా 3 నుంచి 4 అంగుళాలు గోడ మీదికి పొడిగించండి. లోపలి షట్టర్ కావాలంటే ముందు మెష్‌ను స్లైడింగ్‌కు మార్చుకోవాలి. యూపీవీసీ స్లైడింగ్ కిటికీల్లో మెష్‌కు విడిగా ట్రాక్ ఉంటుంది కాబట్టి ఈ తంటా లేదు.

కిటికీ గూటిలోపలే బిగిస్తే వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలిచి తక్కువది తీసుకోండి. ప్లాస్టరింగ్ తిన్నగా ఉన్న గోడ అరుదు. మీరిచ్చేది గూడు కొలతా, తయారయ్యే బ్లైండ్ కొలతా అన్నది షాపువాళ్ళకు తేల్చి చెప్పండి. లేకపోతే మీరో అర అంగుళం తగ్గిస్తారు, వాళ్ళింకో అర అంగుళం తగ్గిస్తారు.

బ్లాకౌట్ కొన్నాం, పక్కల నుంచి వెలుతురు వస్తోంది

బట్ట తప్పు కాదు. రోలర్‌లో ఒక చివర గొలుసు గేరు, రెండో చివర పిన్ను ఉంటాయి, బట్ట వాటి మధ్యనే ఉంటుంది. గూటిలోపల బిగిస్తే ప్రతి పక్కా 15 నుంచి 20 మిల్లీమీటర్ల సందు తప్పదు. గోడ మీదికి మార్చి బిగించండి, లేదా పక్కలకు ‘యు’ ఆకారపు అల్యూమినియం చానల్ పెట్టించండి. జీబ్రా బ్లైండ్‌తో చీకటి రాదు, అది పడకగదికి పనికిరాదు. షట్టర్‌లో కూడా రెక్క మీద రెక్క కూర్చునే చోట సన్నటి గీతలా వెలుతురు కనిపిస్తూనే ఉంటుంది. పగలు నిద్రపోయే నైట్ షిఫ్ట్ మనిషికి షట్టర్ ఒక్కటే చాలదు, వెనక మందపాటి కర్టెన్ కావాలి.

పగలు బయటివాళ్ళకు కనపడం, రాత్రి మాత్రం అంతా కనిపిస్తోంది

సన్‌స్క్రీన్ అనే బ్లైండ్ బట్టలో సన్నటి రంధ్రాలుంటాయి. 3 శాతం, 5 శాతం అని రాసేది ఆ ఖాళీ లెక్కే. వెలుతురు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు చూపు పారుతుంది, లోపల లైటు వేయగానే దిశ తిరగబడుతుంది. ఒకే బ్రాకెట్‌లో రెండు గొట్టాలు పెట్టించి, వెనక బ్లాకౌట్ వేయించండి. వీధి పక్కనే ఉన్న కింది అంతస్తుకైతే షట్టరే సరి. రెక్కలు ఏటవాలుగా పెడితే గాలి, వెలుతురు వస్తాయి, చూపు మాత్రం ఆగుతుంది. కిటికీ కింది సగానికే వేయించినా పని జరుగుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

కిటికీ తెరిస్తే బ్లైండ్ గోడకు కొట్టుకుంటోంది

తేలికైన బట్ట తెరచాపలా గాలి పడుతుంది. కింది పట్టీకి బరువు పెంచినా కొంతే ఫలితం. రోజంతా కిటికీ తెరిచే ఇంటికి బ్లైండ్ ఎన్నడూ సుఖం ఇవ్వదు.

వానాకాలంలో షట్టర్ బిగుసుకుపోయింది

చెక్క తేమను పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది. అసలు కారణం చాలాసార్లు తలుపు అడుగు అంచు. చూపుకు ఆనదు కాబట్టి అక్కడ రంగు వేయరు, నీళ్ళు అక్కడి నుంచే ఎక్కుతాయి. వెంటనే చిత్రిక పట్టించకండి. వానాకాలంలో గీకితే వేసవిలో ఆ సందు నోరు తెరుస్తుంది. పొడి వాతావరణం వచ్చేదాకా ఆగండి, అప్పటికీ పట్టేస్తుంటే పక్కకు 2, 3 మిల్లీమీటర్ల సందు వచ్చేలా చిత్రిక పట్టించి, పై అంచు, కింది అంచుతో సహా ఆరు వైపులా ప్రైమర్, రంగు వేయించండి. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) షట్టర్ ఒకసారి ఉబ్బితే మళ్ళీ మామూలు కాదు. బాత్‌రూమ్, వంటగదికి పీవీసీయే మంచిది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో మేకులు, బందులు స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి. ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

రెక్కలు నిలవకుండా వాలిపోతుంటే తలుపు పక్క నిలువు చెక్కలో చిన్న స్క్రూ ఉందేమో చూడండి. కుడివైపుకు పావు చుట్టు తిప్పి చూడండి. ఎక్కువ బిగిస్తే రెక్కలు అసలు కదలవు.

రోలర్ ఒక పక్కకు జరుగుతూ చుట్టుకుంటోంది

ముందు లెవెల్ పెట్టి రెండు బ్రాకెట్లు సమంగా ఉన్నాయా చూడండి. సమంగానే ఉంటే గొట్టం బయటపడేదాకా బట్టను దించండి. బట్ట ఏ పక్కకు జరుగుతోందో దానికి ఎదుటి చివర గొట్టం మీద అంగుళం మాస్కింగ్ టేప్ అంటించి చుట్టండి. చాలకపోతే ఇంకో పొర. బ్లైండ్ తనంతట తానే జారిపోతుంటే గొలుసు గేరు అరిగిందని అర్థం, దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు.

బ్రాకెట్ స్క్రూలు ఊడివస్తుంటే అవి జిప్సమ్ ఫాల్స్ సీలింగ్‌లో దిగాయేమో చూడండి. జిప్సమ్ ఒక్కటే బరువు మోయదు, వెనక ప్లైవుడ్ ముక్క ఉండాలి. లేదా గోడలోకి 6 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, రావల్ ప్లగ్ (స్క్రూను పట్టి ఉంచే తొడుగు) పెట్టి బిగించాలి. కిటికీ పైన ఉండేది కాంక్రీటు లింటెల్, హ్యామర్ డ్రిల్ లేకుండా దిగదు.

చంటిపిల్లలున్న ఇంట్లో గొలుసు ఉచ్చులా వేలాడకూడదు, మెడకు పడితే ప్రాణం పోతుంది. కింది చివరను గోడకు క్లిప్‌తో లాగి బిగించండి, కిటికీ కింద మంచం, సోఫా వేయకండి. కొత్తగా కొంటుంటే గొలుసు లేని స్ప్రింగ్ రోలరే అడగండి.