బ్యాంకాక్‌లో షాపింగ్‌కి బయల్దేరే ముందు

- చతుచక్ సంతకి శని, ఆదివారాల్లో వెళ్లండి. ఉదయమే చేరుకుంటే మేలు, మధ్యాహ్నం ఎండకీ రద్దీకీ పిల్లలు అల్లాడిపోతారు. మెట్రోలో కాంఫేంగ్ ఫెట్ స్టేషన్‌లో దిగితే సంత పక్కనే.
- నచ్చిన కొట్టు నంబరు ఫోటో తీసుకోండి. వేల కొట్ల మధ్య మళ్లీ వెతకడం చాలా కష్టం.
- చిల్లర బాట్ (థాయ్ కరెన్సీ) నోట్లు ఉంచుకోండి. బేరం నవ్వుతూ ఆడండి. రెండు మూడు కొంటే తగ్గిస్తారు.
- టాక్సీ ఎక్కేముందే మీటర్ వేయమని అడగండి.
- గ్రాండ్ ప్యాలెస్ (రాజభవనం) చూడ్డానికి వెళ్తుంటే, "ప్యాలెస్ ఇవాళ మూసేశారు, వేరే చోటు చూపిస్తా" అని దారిలో ఎవరైనా అంటే అస్సలు నమ్మొద్దు. టుక్‌టుక్‌లో (మన ఆటో లాంటిది) ఎక్కించి రత్నాల కొట్టుకి తీసుకెళ్తారు. టెన్షన్ పడకుండా నేరుగా టికెట్ కౌంటర్ దాకా నడవండి. ప్యాలెస్ లోపలికి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి.
- థాయ్‌లో రాసిన హోటల్ కార్డు జేబులో పెట్టుకోండి.