చౌక బుకింగ్ చివరికి ఎందుకు ఖరీదవుతుంది? హోటల్, అద్దె కారు సైట్లలో సమస్యలు, పరిష్కారాలు

యూపీఐ పిన్ కొట్టే ముందు తెర మీద కనిపించే అంకెనే పోల్చాలి. వెతికినప్పుడు కనిపించేది ఎర. కింద చెప్పిన తంటాల్లో సగం ఆ ఎర దగ్గరే మొదలవుతాయి.

వెతికినప్పుడు ఒక ధర, కట్టేటప్పుడు ఇంకో ధర

కారణం: ఒక సైట్ పన్ను లేకుండా ఒక రాత్రి ధర చూపిస్తుంది, ఇంకోటి అన్నీ కలిపి చూపిస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో రెండు రాత్రులకు గది వెతుకుతున్నారనుకోండి. మొదటి సైట్‌లో రాత్రికి రూ.2,799. రెండోదాంట్లో రూ.3,150. మొదటిదే చౌక అనిపిస్తుంది. చివరి పేజీకి వెళ్లి చూడండి: గది రూ.5,598, జీఎస్టీ రూ.280, కన్వీనియన్స్ ఫీజు రూ.300, మీరు అడక్కుండానే టిక్ పెట్టి ఉన్న ప్రయాణ బీమా రూ.98. మొత్తం రూ.6,276. రెండోదాంట్లో పన్నుతో సహా రూ.6,300, పైగా ఇద్దరికి రెండు పూటల టిఫిన్. ఇరవై నాలుగు రూపాయలకు నాలుగు ప్లేట్ల ఇడ్లీ వదులుకున్నట్టు.

పరిష్కారం: రెండు సైట్లలోనూ ఒకే తేదీలు, ఒకే రకం గది, మనుషుల సరైన సంఖ్య పెట్టి చివరి పేజీ దాకా వెళ్లండి. టిక్‌లు తీసేయండి. బ్యాంకు కూపన్ ఉంటే అక్కడే వేసి చూడండి. 'హోటల్‌లో కడతాను' ఎంచుకుంటే కార్డు ఆఫర్ చాలాసార్లు వర్తించదు. ఇలా అడక్కుండా వస్తువు కలపడం, ధరను విడతలుగా బయటపెట్టడం, 'ఒక్క గదే మిగిలింది' అని ఉత్తుత్తి తొందర పెట్టడం 2023 నవంబరులో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మభ్యపెట్టే సైట్ ఎత్తులు) మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం. ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అన్నట్టు, ఆ 'ఒక్క గది' నిజమే అయినా దానర్థం ఆ సైట్ వాటాలో ఒకటే మిగిలిందని. హోటల్‌లో పది ఖాళీగా ఉండొచ్చు.

రెండొందలు ఎక్కువున్న గదికి పన్నెండొందల తేడా

కారణం జీఎస్టీ గీత. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి రూ.7,500 వరకు గదికి 5 శాతం, అది దాటితే 18 శాతం. రూ.7,400 గది పన్నుతో రూ.7,770. రూ.7,600 గది రూ.8,968. ధర 7,500 చుట్టుపక్కల ఉంటే గది రకం ఒక మెట్టు దించండి, లేదా హోటల్‌కే ఫోన్ చేసి ధర తగ్గించమనండి. హోటల్ తగ్గిస్తే పన్ను రేటూ దిగుతుంది. సైట్ తన జేబులోంచి కూపన్ ఇస్తే మాత్రం పన్ను పాత ధర మీదే పడుతుంది.

ఏ సైట్ చూసినా దాదాపు ఒకటే ధర

నాలుగు సైట్లు తిరిగామనుకుంటాం, నిజానికి రెండు ఇళ్లే తిరిగి ఉంటాం. బుకింగ్ డాట్ కామ్, అగోడా, కయాక్, ప్రైస్‌లైన్ ఒకే సంస్థవి. ఎక్స్‌పీడియా, హోటల్స్ డాట్ కామ్ ఇంకో సంస్థవి. మేక్‌మైట్రిప్, గోఐబిబోలది ఒకే గొడుగు. హోటళ్లు వేరే సైట్లలో తక్కువకు ఇవ్వకుండా షరతులు పెట్టడం వంటి కారణాలతో 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ మేక్‌మైట్రిప్-గోఐబిబోకు రూ.223.48 కోట్ల జరిమానా వేసింది. కాబట్టి ఒక్కో ఇంటి నుంచి ఒక్క సైట్ చూస్తే చాలు. చివరి పోలిక హోటల్ రిసెప్షన్‌తోనే. సైట్ ధర చెప్పి, 'నేరుగా తీసుకుంటే ఎంతకిస్తారు?' అని అడగండి. చిన్న హోటళ్లు ధర తగ్గించకపోయినా టిఫినో, అదనపు పరుపో కలుపుతాయి. నంబరు మాత్రం హోటల్ సొంత వెబ్‌సైట్ నుంచి తీసుకోండి. వెతికితే పైన వచ్చే ప్రకటనల్లోని 'కస్టమర్ కేర్' నంబర్లతో మోసాలు ఎక్కువ. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

బుకింగ్ ఉన్నా గది ఇవ్వనంటున్నారు

హైదరాబాద్‌లో ఎక్కువగా ఎదురయ్యేది లోకల్ ఐడీ పేచీ. పెళ్లికి వచ్చిన చుట్టాల కోసం మీ ఆధార్‌తో అమీర్‌పేటలో గది తీసుకుంటే, చిరునామా హైదరాబాద్‌దని తిప్పి పంపేస్తారు. హోటల్ పేజీలో బాగా కిందికి వెళ్తే నిబంధనల్లో 'లోకల్ ఐడీ చెల్లదు' అని ఉంటుంది. బుకింగ్ ఉండబోయే చుట్టం పేరు మీదే చేయండి, వాళ్ల ఐడీ వాళ్లనే చూపించమనండి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కనక దాన్ని తీసుకోరు.

'మీ పేరు మా లిస్టులో లేదు' అంటే కారణం వేరు. కొన్ని సైట్లు మధ్యలో ఇంకో టోకు అమ్మకందారు దగ్గర గది కొంటాయి. మీ దగ్గరున్నది సైట్ నంబరు, హోటల్ దగ్గరున్నది ఇంకేదో నంబరు. బుక్ చేసిన రోజే హోటల్‌కు ఫోన్ చేసి వాళ్ల కన్ఫర్మేషన్ నంబరు రాసుకుంటే ఈ గొడవ రాదు. రాత్రిపూట కౌంటర్ దగ్గర ఇరుక్కుంటే బయటికి రాకండి. అక్కడి నుంచే సైట్‌కు ఫోన్ చేసి రిసెప్షన్‌తో మాట్లాడించండి, ఇంకో హోటల్‌లో గది అడగండి. మీ అంతట మీరు వేరేచోట దిగితే సైట్ దాన్ని 'రాలేదు' అని రాసుకునే ప్రమాదముంది.

రద్దు సంగతి: 'ఫ్రీ క్యాన్సిలేషన్' పక్కన తేదీ, గంట ఉంటాయి. ఆ ముక్క స్క్రీన్‌షాట్ తీసుకోండి. రిఫండ్ వాలెట్‌లోకి కాకుండా కట్టిన ఖాతాలోకే రావాలని ఎంచుకోండి.

సెల్ఫ్ డ్రైవ్ కారు: రోజుకు పద్నాలుగొందలన్నది నాలుగు వేలైంది

అద్దె ఒక్కటే చూస్తే ఇలాగే అవుతుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం లెక్క వేద్దాం. పోనూ రానూ దాదాపు 430 కిలోమీటర్లు, అక్కడ తిరిగేది కలిపితే 450. శనివారం ఉదయం 6కు తీసుకుని ఆదివారం సాయంత్రం 6కు ఇచ్చేలా 36 గంటలు. ప్యాకేజీలో గంటకు 10 కిలోమీటర్లు ఇస్తే పరిమితి 360. మిగతా 90కి కిలోమీటరుకు రూ.12 చొప్పున రూ.1,080. పైన పెట్రోలు, వారాంతపు రేటు, ఇంటికి తెచ్చిచ్చే ఛార్జీ. ముందు మీ కిలోమీటర్లు లెక్కేసుకుని, దానికి సరిపడే ప్యాకేజీల్నే పోల్చండి.

ఇంకో మెలిక: శ్రీశైలం దారిలో మన్ననూరు, దోమలపెంట మధ్య అడవి దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. సాయంత్రం దర్శనం ఆలస్యమై గేటు దాటలేకపోతే కారూ మీరూ తెల్లారేదాకా అక్కడే. ఆలస్యపు రుసుము గంటల లెక్కన పడుతుంది. తిరిగిచ్చే సమయం పెట్టేటప్పుడే మూడు నాలుగు గంటలు అదనంగా వేసుకోవడం చౌక.

డిపాజిట్ తిరిగి రాకపోవడానికి కారణాలు గీతలు, టోల్, చలాన్లు. కారు తీసుకునేటప్పుడు ఆపకుండా ఒకే వీడియో తీయండి: నాలుగు వైపులు, బంపర్ల కింది అంచు, నాలుగు చక్రాల రిమ్ములు, అద్దం, స్టెప్నీ, జాకీ, చివరగా ఇంజిన్ ఆన్ చేసి కిలోమీటర్ల అంకె, పెట్రోలు ముల్లు. తిరిగిచ్చేటప్పుడూ అంతే. ఫాస్టాగ్ బ్యాలెన్స్ ముందే అడగండి. ట్యాగ్ పనిచేయకపోతే జాతీయ రహదారి టోల్ దగ్గర యూపీఐతో ఒకటింపావు రెట్లు కట్టాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం 120. చలాన్ కొన్నాళ్ల తర్వాత కూడా రావొచ్చు కనక కారు నంబరు, మీ సమయాలు దాచుకోండి.

తెల్ల నంబరు ప్లేటు కారు వస్తే తీసుకోకండి. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి, విద్యుత్ కారైతే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు. సొంత వాడకపు కారును అద్దెకిచ్చాక ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఎక్కువ. ఇక్కడ మిగిలే వెయ్యికి ఆశపడటం తెలివి కాదు.

డ్రైవర్‌తో కారు: 550 కిలోమీటర్లు తిరిగితే 900కి బిల్లు

ఔట్‌స్టేషన్ క్యాబ్‌లకు రోజుకు 250 లేదా 300 కిలోమీటర్ల కనీస బిల్లు ఉంటుంది. రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి. హైదరాబాద్ నుంచి శుక్రవారం రాత్రి 10కి విజయవాడ బయల్దేరి ఆదివారం రాత్రికి వస్తే మూడు రోజులు, 900 కిలోమీటర్లు, మూడు డ్రైవర్ బత్తాలు. అదే శనివారం తెల్లవారుజామున 4కి బయల్దేరితే రెండు రోజులు, 600. కిలోమీటరు రూ.13 అనుకుంటే రూ.3,900 తేడా, బత్తా కాకుండానే. రెండు సైట్లను పోల్చేటప్పుడు టోల్, ఏపీ సరిహద్దు పన్ను, పార్కింగ్, రాత్రి ఛార్జీ ఎవరివో కూడా చూడండి. కిలోమీటర్లు గ్యారేజీ నుంచా, మీ ఇంటి నుంచా అన్నదీ అడగాలి.

అమెరికాలో కౌంటర్ దగ్గర కారు ఇవ్వలేదు

పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఇక్కడి నుంచే కారు బుక్ చేస్తారు, డబ్బు కొడుకు కార్డుతో కడతారు. కౌంటర్‌లో డిపాజిట్ పట్టి ఉంచడానికి సాధారణంగా నడిపేవాళ్ల పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతారు. కార్డు, లైసెన్సు, బుకింగ్ మూడింటిలోనూ ఒకే పేరుండాలి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడి ఆర్టీఏలో తీసుకోండి. కేంద్ర నిబంధనల్లో ఫీజు రూ.1,000, చెల్లుబాటు గరిష్ఠంగా ఏడాది. కార్డు గీసేటప్పుడు రూపాయల్లోనా, డాలర్లలోనా అని మెషీన్ అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మెషీన్ పెట్టుకున్నదే.