కొత్త డిజైన్ ఇంజినీర్లు చేరబోతున్నారా? ముందు షాప్ ఫ్లోర్, తర్వాతే క్యాడ్

పోయిన నెల మాకు తెలిసిన ఒక యూనిట్‌లో, చేరి పదకొండు రోజులైన డిజైన్ ఇంజినీర్ ఒకడు తను గీసిన మొదటి ఫిక్చర్ (పార్ట్‌ను కదలకుండా పట్టే సాధనం) సరిగ్గా కూర్చుందో లేదో చూద్దామని క్లాంప్ కింద వేళ్లు పెట్టాడు. మెషీన్ ఆపే ఉంది. క్లాంప్‌ను నడిపే గాలి లైన్ మాత్రం ఎవరూ మూయలేదు. రెండు వేళ్లు నలిగిపోయాయి. ఆ పిల్లాడు నిర్లక్ష్యం మనిషి కాదు. పదకొండు రోజుల్లో పది రోజులు క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగ్ గీసే సాఫ్ట్‌వేర్) ముందే కూర్చోబెట్టారు. స్క్రీన్ మీద క్లాంప్ ఎన్నిసార్లు మూసుకున్నా ఎవరి వేలూ నలగదు, అతనికి తెలిసిన క్లాంప్ అదొక్కటే.

హెల్మెట్, సేఫ్టీ షూస్ సంగతి మీకు తెలుసు, వాటి గురించి రాయను. నేను ఏళ్లుగా చూస్తున్న తప్పు ఒక్కటే: మొదటి రోజే క్యాడ్ లాగిన్ ఇచ్చి, మెషీన్లు నడిచే షాప్ ఫ్లోర్ గురించి "తర్వాత చూద్దువులే" అనడం. ప్రాజెక్ట్ టెన్షన్ మొదలయ్యాక ఆ 'తర్వాత' ఇక రాదు.

మొదటి నాలుగు వారాలు

ఒక్కొక్కరిని ఒక అనుభవమున్న ఆపరేటర్‌కి అప్పగించండి. గంటసేపు తిప్పి చూపిస్తే చాలదు, షిఫ్ట్ మొత్తం పక్కన నిలబడాలి. హైదరాబాద్ బాలానగర్‌లోని టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీలో డిప్లొమా చేసి వచ్చినవాళ్లకు లోహం చేత్తో తెలుసు, బీటెక్ పిల్లల్లో చాలామందికి తెలియదు. అయినా ఎవరికీ మినహాయింపు వద్దు. మీ మెషీన్లు వాళ్లకు కొత్తే.

ఎం8 (8 మిల్లీమీటర్ల) థ్రెడ్‌కి 6.8 మిల్లీమీటర్ల డ్రిల్ వేయడం చూడాలి. అవతలికి పోని రంధ్రంలో ట్యాప్ (థ్రెడ్ కోసే పనిముట్టు) విరిగితే ఎంత గొడవో దగ్గరుండి చూడాలి. ట్యాప్ మొన దగ్గర పళ్లు పూర్తిగా ఉండవు, కోతలో రాలే లోహపు ముక్కలకీ (చిప్స్) అడుగున చోటు కావాలి. ఇది చూసినవాడు డ్రాయింగ్‌లో డ్రిల్ లోతు, థ్రెడ్ లోతు ఒకటే రాయడు. ఎండ్ మిల్ అనే కోత పనిముట్టు గుండ్రంగా తిరగడం చూసినవాడు పాకెట్ (లోహంలో తవ్వే గుంట) లోపలి మూలను పదునుగా గీయడు.

డ్రాయింగ్ బయటికి వెళ్లేముందు

కొత్తవాళ్లు పాత డ్రాయింగ్ నుంచి హెచ్7 (రంధ్రం కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే గుర్తు) కాపీ కొట్టి ప్రతి రంధ్రానికీ పెట్టేస్తారు. 25 మిల్లీమీటర్ల రంధ్రానికి హెచ్7 అంటే చేతిలో ఉండేది 21 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). ఎక్కడ బేరింగ్ కూర్చుంటుందో, ఎక్కడ బోల్ట్ దూరిపోతే చాలో వాళ్ల నోటితోనే చెప్పించండి.

కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మన ఎండాకాలంలో షెడ్డులో 40 డిగ్రీలున్న 100 మిల్లీమీటర్ల అల్యూమినియం పార్ట్ సుమారు 46 మైక్రాన్లు పెరిగి ఉంటుంది. షెడ్డులో 'ఓకే' అన్న పార్ట్ ఏసీ గదిలో ఎందుకు రిజెక్ట్ అవుతుందో వాళ్ల చేతే కొలిపించండి.

ఇక మిగతావి. ఇవి బేరాలకు లేవు.

- గాలి లైన్ మూసి, లోపల మిగిలిన గాలి వదిలి, గేజ్ సున్నా చూపాకే క్లాంప్ దగ్గరికి చెయ్యి వెళ్లాలి.
- పవర్ ప్రెస్ మోటార్ ఆపాక కూడా ఫ్లైవీల్ (బరువైన చక్రం) తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగేదాకా డై (అచ్చు) దగ్గరికి పోవద్దు.
- తిరిగే స్పిండిల్ దగ్గర గ్లోవ్స్ వద్దు. గ్లోవ్ చిక్కితే చెయ్యీ దానితోనే పోతుంది.
- ఐడీ కార్డు తాడు, చున్నీ, కడియం గేటు దగ్గరే తీయించండి.
- చిప్స్ చేత్తో తీయొద్దు.
- మొదటి నెల నైట్ షిఫ్ట్ వేయొద్దు.
- సందేహం వస్తే అడగడానికి ఒక్క పేరు ఇవ్వండి. "ఎవరినైనా అడుగు" అంటే ఎవరినీ అడగడు.
- మూడు నెలలు సీనియర్ సంతకం లేని డ్రాయింగ్ వెండర్‌కి పోకూడదు.
- పరీక్ష కాగితం మీద వద్దు. స్క్రాప్ బిన్‌లోంచి ఒక పార్ట్ తీసి చేతిలో పెట్టి, ఎందుకు పాడైందో అడగండి.
- అర్జెంట్ ఆర్డర్ ఉందని ఫ్లోర్ మీద నుంచి పిలిపించొద్దు. ఒక్క రోజుకి కూడా. క్యాడ్ ముందు కూర్చోబెట్టొద్దు.
- బ్యాచ్ సోమవారం చేరుతుంటే, లాగిన్‌లు ఐదో వారంలోనే ఇవ్వమని ఐటీ వాళ్లకు ఈరోజే మెయిల్ పెట్టండి.