కూలర్ పంపు పెట్టినా కొంబుచా టీ చల్లారట్లేదా?

కొంబుచా అంటే తియ్యటి టీని పులియబెట్టి చేసే పానీయం. పాత కూలర్‌లోంచి ఊడదీసిన 18 వాట్ల పంపుతోనే నేను దానికోసం కాచిన టీ చల్లారుస్తాను. పంపు నీళ్ల టబ్బులో ఉంటుంది, దాని పైపు స్టీలు కాయిల్‌కి, కాయిల్ వేడి టీ గిన్నెలో. కాయిల్‌లోంచి వచ్చిన నీళ్లు మళ్లీ టబ్బులోకే. టీ 35 డిగ్రీల లోపుకి దిగాకే స్కోబీ (టీని పులియబెట్టే సూక్ష్మజీవుల జిగట పొర) వేస్తాను, వేడికి అది చచ్చిపోతుంది. తెల్లారేదాకా మూతపెట్టి వదిలేయొచ్చుగా అంటారేమో, మా కోనసీమ ఉక్కపోతలో ఆ పప్పులుడకవు.

మోగుతోంది, నీళ్లు రావట్లేదు

పొలం మోటారుకి పట్టినట్టే దీనికీ గాలి పడుతుంది. నీళ్లలోనే పంపుని పక్కకి వంచి ఊపితే బుడగలు బయటికొచ్చేస్తాయి. అయినా రాకపోతే పైపు ఎత్తు చూడండి. డబ్బా మీద 6 అడుగులని రాసి ఉంటే, ఆ ఎత్తుకొచ్చేసరికి ధార సున్నా అన్నమాట. గిన్నెని స్టవ్ గట్టు మీంచి నేలకి దించండి.

మోగుతోంది, లోపలి ఫ్యాన్ తిరగట్లేదు

ప్లగ్గు పీకి, పంపు ముందువైపు మూత తీయండి, అయస్కాంతంతో పాటు ఫ్యాన్ చేతికొస్తుంది. కాలువ నీళ్లయితే ఒండ్రు, బోరు నీళ్లయితే గార, తుప్పు ఉంటాయి. నిమ్మరసం కలిపిన నీళ్లలో గంటసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఫ్యాన్ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరిగిందని కంగారు పడొద్దు, ఈ రకం మోటార్ల తీరే అంత.

ధార బాగానే ఉంది, టీ చల్లారట్లేదు

నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. పంపు పాడైందనుకుని ఇంకోటి కొన్నాను కూడా. తప్పు పంపుది కాదు, నా లెక్కది. 95 డిగ్రీల టీ 5 లీటర్లు, టబ్బులో 30 డిగ్రీల నీళ్లు 20 లీటర్లు. రెండూ సమానమయ్యేది 43 దగ్గర. ఆ తర్వాత పంపు తెల్లార్లూ తిరిగినా గదిలో గాలికి తగ్గాల్సిందే.

ఇప్పుడు చక్కెర, టీపొడి అంతా 2 లీటర్ల నీళ్లలోనే కాస్తున్నాను. కాయిల్‌తో అది 36 దాకా దిగుతుంది. అప్పుడు ముందే కాచి చల్లార్చిన నీళ్లు 3 లీటర్లు పోస్తే 32కి వస్తుంది. వరుస మార్చి, ముందు చల్లనీళ్లు పోసి తర్వాత కాయిల్ పెడితే 35 దగ్గరే ఆగుతుంది. టీని గరిటెతో కలుపుతూ ఉండండి, లేకపోతే కాయిల్ చుట్టూ చల్లబడి మిగతాది వేడిగానే ఉంటుంది. మొదటి ఐదు నిమిషాలు కాయిల్‌లోంచి వచ్చే వేడి నీళ్లని టబ్బులోకి కాకుండా బకెట్లోకి వదిలి, టబ్బులో కొత్తనీళ్లు పోస్తే ఇంకా నయం. బకెట్ నీళ్లు గిన్నెలు కడగడానికి పనికొస్తాయి.

టబ్బులో చెయ్యి పెడితే జివ్వుమంటోంది

పంపు సీలు పోయింది, లేదా వైరు చిట్లింది. ఎంసీల్ పూసి నెట్టుకురావద్దు, పారేయండి. జివ్వుమనకపోయినా ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి.

ఇదే పంపుతో కొంబుచా సీసాల్లోకి తోడొచ్చా?

వద్దు. కూలర్ ప్లాస్టిక్ తాగేవాటి కోసం చేసింది కాదు, పైగా కొంబుచా పులుపు. జాడీ బల్ల మీద, సీసా నేల మీద పెట్టి సన్న సిలికాన్ పైపుతో దించుకోండి. పైపుని ముందే కాచిన నీళ్లతో నింపుకుంటే నోటితో పీల్చే పని ఉండదు.