ఇంట్లో ఫైల్ సర్వర్, 4వ పాఠం: రెయిడ్ గెంటేసిన డిస్కు నిజంగా పోయినట్టేనా?

గత పాఠంలో నాలుగు డిస్కులతో రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే కూర్పు) కట్టి దానికి ఎండీ0 అని పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు అందులో ఒకటి బయటికి పోయిందనుకుందాం. రెయిడ్ స్థితి చూపే /ప్రాక్/ఎండీస్టాట్ ఫైలు తెరిస్తే, డిస్కుకొకటి చొప్పున నాలుగు 'యూ'లు ఉండాల్సిన చోట [యూయూ_యూ] అని, ఆ డిస్కు పేరు ఎస్‌డీసీ1 పక్కన (ఎఫ్), అంటే ఫెయిలైందని, కనిపిస్తాయి. ఏదో రాయబోతే ఆ డిస్కు రాయనివ్వలేదు, ఎండీ (లినక్స్‌లో రెయిడ్‌ను నడిపే భాగం) దాన్ని పక్కన పెట్టేసింది. ఎందుకు రాయనివ్వలేదో ఎండీకి పట్టదు. కొత్త డిస్కు కొనేముందు అది తేల్చుకోవాల్సింది మనమే.

ముందు డీమెసేజ్‌లో (లినక్స్ గుండెకాయైన కెర్నెల్ రాసే సందేశాల్లో) ఆ డిస్కు తాలూకు వరుసలు వెతకండి. 'ఐసీఆర్‌సీ' అని ఉంటే డేటా దారిలో, అంటే సాటా కేబుల్లోనో కనెక్టర్లోనో చెడుతోంది. 'యూఎన్‌సీ' అని ఉంటే డిస్కు పళ్లెం మీద ఏదో సెక్టారు (డేటా ఉండే చిన్న గడి) చదవడానికి రావడం లేదు. తర్వాత డిస్కు ఆరోగ్యపు లెక్కలు చూపే స్మార్ట్‌సీటీఎల్ -ఎ /డెవ్/ఎస్‌డీసీ కొట్టి 5, 197, 198, 199 నంబర్ల వరుసల్లో చివరి గడి చూడండి.

199 పెరిగితే అనుమానం కేబుల్ మీద. ఈ లెక్క ఎప్పటికీ తగ్గదు కాబట్టి అంకె చూసి కంగారు పడొద్దు. రాసి పెట్టుకుని, కేబుల్ మార్చి, అంకె కదలకపోతే డిస్కుకు ఏమీ కాలేదన్నమాట. రెయిడ్‌ను సంభాళించే ఆజ్ఞ ఎండీఎడీఎం --రిమూవ్‌తో తీసి, --రీ-యాడ్‌తో వెనక్కి చేర్చండి. బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో గుర్తుంచుకునే పట్టీ) పెట్టుకున్నవాళ్లకు ఇది నిమిషాల్లో పూర్తవుతుంది, లేనివాళ్లకు మొత్తం రీబిల్డే, అంటే డిస్కంతా మళ్లీ నింపడమే.

197లో ఎంత అంకె ఉంటే అంతమంది లెక్కన అన్నేసి సెక్టార్లు చదవడానికి మొరాయిస్తున్నాయని; 198 డిస్కు తనంతట తాను తనిఖీ చేసుకున్నప్పుడు దొరికిన అలాంటి సెక్టార్ల లెక్క. వాటి మీద మళ్లీ రాస్తే డిస్కు వాటిని బాగు చేసుకుంటుంది, కుదరకపోతే వేరే సెక్టారు కేటాయించి 5వ లెక్కలో ఒకటి పెంచుతుంది. 5 వారం వారం పెరుగుతోందా, ఇక ఆ డిస్కుకు సెలవిచ్చేయండి.

చాలామంది బోల్తా పడేది వేరేచోట. మామూలు డెస్క్‌టాప్ డిస్కు ఒక చెడ్డ సెక్టారు దొరికితే దాన్ని చదవడానికి నిమిషాల తరబడి కుస్తీ పడుతుంది. కెర్నెల్ మాత్రం 30 సెకన్లే ఆగి లింకును రీసెట్ చేస్తుంది. డిస్కు అప్పటికీ తన కుస్తీలోనే ఉండి జవాబివ్వదు. నిజానికి ఎండీ ఆ సెక్టారును మిగతా మూడు డిస్కుల నుంచి లెక్కగట్టి దాని మీదే తిరిగి రాసేది. ఆ రాత కూడా విఫలమవడంతో ఒక్క సెక్టారు కోసం డిస్కు మొత్తం బయటికి పోతుంది. మందు ఇది: స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఎస్‌సీటీఈఆర్‌సీ,70,70 /డెవ్/ఎస్‌డీసీ. ఇది ఆ కుస్తీకి డిస్కులోనే గడువు పెడుతుంది. ఇక్కడ 70 అంటే 7 సెకన్లు, సెకనులో పదో వంతుల్లో ఇవ్వాలి. డిస్కు ఒప్పుకోకపోతే కెర్నెల్నే ఓపిక పట్టమనండి: /సిస్/బ్లాక్/ఎస్‌డీసీ/డివైస్/టైమ్‌అవుట్‌లో 180 రాయండి. కెర్నెల్ అంకె రీబూట్‌తో పోతుంది, ఎస్‌సీటీఈఆర్‌సీ మామూలుగా కరెంటు పోతే పోతుంది. అందుకని రెండూ బూట్ స్క్రిప్ట్‌లో ఉండాలి.

డిస్కు ఊడదీసేముందు దాని మీది సీరియల్ నంబరు, స్మార్ట్‌సీటీఎల్ చూపించేదీ ఒకటేనా చూసుకోండి. రీబూట్ తర్వాత ఎస్‌డీసీ కాస్తా ఎస్‌డీబీ కావచ్చు. తప్పు డిస్కు లాగితే రెయిడ్ 5 అక్కడికక్కడే ఆగిపోతుంది. అలా ఆగినా, రెండు డిస్కులు ఒకేసారి బయటికి పోయినా, రెయిడ్‌ను కొత్తగా కట్టే --క్రియేట్ జోలికి మాత్రం వెళ్లొద్దు. డిస్కుల క్రమమో చంక్ సైజో (ఒక్కో డిస్కు మీద వరుసగా పడే డేటా ముక్క సైజు) కాస్త తేడా పడినా డేటా కలగాపులగం అవుతుంది. --ఎగ్జామిన్‌లో ఈవెంట్ల లెక్కలు (రెయిడ్‌లో మార్పులు జరిగేకొద్దీ ఒక్కో డిస్కు మీద పెరిగే అంకె) రాసుకోండి. అవి దగ్గర దగ్గరగా ఉంటే --అసెంబుల్ --ఫోర్స్ సాధారణంగా పనిచేస్తుంది.

అభ్యాసం: మీ నాలుగు డిస్కులకూ సీరియల్ నంబరు, ఆ నాలుగు లెక్కలు, ఎస్‌సీటీఈఆర్‌సీ ఉందా లేదా అన్నది కాగితం మీద రాసి సర్వర్ పెట్టె లోపల అతికించండి. 5వ పాఠంలో --రీప్లేస్‌తో పాత డిస్కు తిరుగుతుండగానే కొత్తదానికి మారతాం, అప్పుడు ఆ కాగితం కావాలి.