మైక్ కొనే ముందు కంపెనీకి ఒక ప్రశ్న పంపండి

పాడేవాళ్లు మైక్ కొనేటప్పుడు సౌండ్ ఒక్కటే చూస్తారు. నేనైతే ముందు ఆ కంపెనీకి ఒక చిన్న మెయిల్ పెడతాను: "పైనుండే జాలీ (గ్రిల్), లోపల శబ్దాన్ని అందుకునే భాగం (క్యాప్సూల్) విడిగా దొరుకుతాయా? వారంటీ అయిపోయాక రిపేర్ చేస్తారా?" సూటిగా జవాబిచ్చారా, లేక బ్రోషర్ అంటించి వదిలేశారా అన్నదాన్ని బట్టి రేపు మైక్ పాడైతే మన గతేమిటో తెలిసిపోతుంది. డబ్బు కట్టకముందే పలకనివాళ్లు కట్టాక పలుకుతారా?

స్టేజీ మీద మోటుగా వాడేదైతే డైనమిక్ మైకే (లోపల అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే గట్టి రకం) మేలు. ఈ రకంలో షూర్ కంపెనీ మైక్ ఎస్‌ఎం58 1966లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు, దాని గ్రిల్, క్యాప్సూల్ విడిగా కొనుక్కోవచ్చు. కండెన్సర్ మైక్ (స్టూడియోల్లో ఎక్కువగా వాడే రకం) సున్నితం, తేమ పడదు. సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో మూత పెట్టి ఉంచండి.

ఎక్కువగా పాడుచేసేది మన ఉమ్మి, చెమటే. చాలా డైనమిక్ మైకుల గ్రిల్ తిప్పితే ఊడి వస్తుంది. గ్రిల్‌ను, లోపలి స్పాంజిని కొంచెం సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. మైక్ బాడీకి మాత్రం నీళ్లు తగలనివ్వకండి. పనిచేస్తోందా అని ఊదడం, తట్టడం కూడా మానేయండి (ఈ అలవాటు నాకూ ఓ పట్టాన పోలేదు).

మైక్ పోయిందని టెన్షన్ పడేముందు కేబుల్ మార్చి చూడండి, చాలాసార్లు తప్పు దానిదే. సర్వీసుకు పంపాల్సి వస్తే బిల్లు, సీరియల్ నంబర్ ఫోటోలు ఫోన్‌లో ఉంటే సగం పని అయిపోయినట్టే.