కట్టడాన్ని గీసి చదవడం – 4వ పాఠం: ఫ్లోరెన్స్ గుమ్మటం వంపు

గత పాఠంలో ఫ్లోరెన్స్‌లోని పెద్ద చర్చి సాంతా మరియా దెల్ ఫియోరె గుమ్మటం కూర్చునే అష్టభుజిని 15 సెం.మీ. వ్యాసమున్న వృత్తంలో గీశాం. ఒక్కో భుజం 5.7 సెం.మీ. రావాలి. 6 దాకా వచ్చిందంటే కంపాస్ ఎక్కడో కదిలింది, మళ్లీ గీయండి. కాగితం మీద 1 సెం.మీ. అంటే అక్కడ 3 మీటర్లు.

ఇప్పుడు గుమ్మటం. అష్టభుజిలో ఎదురెదురు మూలల మధ్య దూరాన్ని, అంటే 15 సెం.మీ.ని, వేరే కాగితం మీద అడ్డగీతగా గీసి 3 సెం.మీ. చొప్పున ఐదు భాగాలు చేయండి. కంపాస్‌ను నాలుగు భాగాలకు, అంటే 12 సెం.మీ.కి తెరవండి. ఎడమ నుంచి 12 సెం.మీ. గుర్తు మీద ముల్లు గుచ్చి, ఎడమ కొస నుంచి పైకి వంపు తీయండి. తరవాత 3 సెం.మీ. గుర్తు మీద ముల్లు పెట్టి కుడి కొస నుంచి. రెండు వంపులూ నడిమిన 11.1 సెం.మీ. ఎత్తులో కలుస్తాయి. అదే అర్ధవృత్తమైతే ఎత్తు 7.5 మాత్రమే. ఈ వంపును ఇటలీలో 'క్వింటో అకూటో' అంటారు, ఐదో వంతు మొన అని. నిజమైన గుమ్మటం మొన దాకా పోదు. పైన లాంతరు, అంటే గుమ్మటం నెత్తి మీది చిన్న మంటపం, కోసం కన్నులా ఖాళీ వదిలారు కాబట్టి కాస్త ముందే ఆపండి.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే: మూలల దూరానికి బదులు ఎదురెదురు గోడల దూరం, 13.9 సెం.మీ., తీసుకుంటారు. అప్పుడు ఎత్తు 10.3కి పడిపోతుంది. 1420 నాటి పని పత్రం ఈ వంపు మూలలదేనని స్పష్టంగా చెబుతుంది.

అదే పత్రంలో మందాలూ ఉన్నాయి. కొలత బ్రాచ్చో, సుమారు 58 సెం.మీ. ఈ గుమ్మటం ఒకదానిలో ఒకటిగా రెండు పెంకులు. అడుగున లోపలి పెంకు 3¾ బ్రాచ్చోలు, మధ్య ఖాళీ 2, బయటి పెంకు 1¼. మన కాగితం మీద వరసగా 7, 4, 2.5 మి.మీ. పైకి పోయేకొద్దీ లోపలిది 2½ బ్రాచ్చోలకి, బయటిది ⅔ బ్రాచ్చోకి సన్నబడాలి. కింద నుంచి పైదాకా ఒకే మందం గీస్తే బొమ్మ బరువుగా కనిపిస్తుంది. కట్టి ఉంటే కట్టడానికీ బరువే.

ఇక అసలు చిక్కు. నేల నుంచి సెంట్రింగ్ లేపకుండా వాస్తుశిల్పి బ్రునెల్లెస్కి దీన్ని కట్టించాడు. ముల్లు గుచ్చిన చోటు నుంచి వంపు మీదికి ఏ గీత గీసినా అదే ఆ ఎత్తులో ఇటుక వరస వాలు. కోణమానినితో కొలవండి: అడుగున 0°, మొన దగ్గర 68°. అంత వాలులో పచ్చి సున్నం మీద పెట్టిన ఇటుక నిలవదు. అందుకే పడుకోబెట్టిన ఇటుకల మధ్య కొంత దూరానికోటి నిలువు ఇటుకను దన్నుగా పెట్టారు. పై వరసలో అది ఒక్క ఇటుక పక్కకు జరుగుతుంది. అలా చేపముల్లు ఆకారంలో మెలి తిరుగుతూ పైకెక్కుతుంది.

రెండు పెంకుల మధ్య తీసిన ఫోటోల్లో వరసలు వదులుగా కట్టిన దండెంలా మధ్యలో కుంగి ఉంటాయి. పని తప్పు కాదది. వరస లోపలికి కిందికి వాలుతుంది, మూల కన్నా గోడ మధ్యభాగం గుమ్మటం నడిమికి దగ్గర. దగ్గరైన చోట వరస దిగుతుంది.

మొన వంపు బయటికి నెట్టే బలాన్ని తగ్గిస్తుంది తప్ప తీసేయదు. దాన్ని పట్టుకోవడానికి ఇనుప బిగింపులతో రాతి గొలుసులు, ఒక కొయ్య గొలుసు చుట్టారు. అయినా ఎనిమిది ముఖాల్లో నాలుగింటిలో పెద్ద నిలువు పగుళ్లు వచ్చాయి.

అభ్యాసం: మీ బొమ్మ మీద నడిగీత నుంచి వంపుకి ఐదు ఎత్తుల్లో దూరం కొలిచి, ఒక్కోదాన్ని 0.92తో గుణించి చుక్కలు పెట్టి కలపండి. అది గోడ మధ్య వంపు. అడుగున 7.5 కాస్తా 6.9 కావాలి. ఈ చుక్కల్ని కంపాస్‌తో కలపబోకండి, అది వృత్తం ముక్క కాదు. లాంతరు వచ్చే పాఠంలో.